గాలి లేని నేల

చంద్రుడి మీద గాలి లేదు కనుక అక్కడ పడిన అడుగు ఎన్నటికీ చెరగదని అందరూ నమ్ముతారు. బడిలో పిల్లలకు అలాగే చెబుతారు, ఆ పిల్లలు పెద్దవాళ్ళై తమ పిల్లలకు అలాగే చెబుతారు, అసలు మనుషులు అక్కడికి వెళ్ళనేలేదని బల్ల గుద్ది వాదించేవాళ్ళు సైతం, వెళ్ళి ఉంటే గనక ఆ అడుగులు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉండేవేనని ఒప్పుకుంటారు. ఒక గదిలో కూర్చోబెడితే జుట్టూ జుట్టూ పట్టుకునే రెండు పక్షాలు ఒకే మాటను నమ్ముతున్నాయంటే ముందుగా అనుమానించవలసింది ఆ మాటనేనని ఆయన అనుకున్నాడు. అనుకుని, చేతిలో ఉన్న కాగితపు కప్పును కుర్చీ పక్కన నేల మీద పెట్టి, ఎవరైనా తన్నేస్తారేమోనని మళ్ళీ తీసి, ఎదుటి గోడకున్న పెద్ద తెర వంక చూశాడు. తెర మీద బూడిదరంగు నేల మెల్లగా జరుగుతోంది. అది కంప్యూటరు గీసిన బొమ్మ మాత్రమే. పైనున్న నౌక పంపే అంకెలను బట్టి కదులుతుంది. ఆ బొమ్మనేల మీద ఎర్రటి గీతతో ఒక వలయం, వలయం నడుమ ఒక చుక్క. ఆయన పసివాడుగా ఉన్న కాలంలో ఆ చుక్క దగ్గర ఇద్దరు మనుషులు దిగి, నడిచి, తిరిగి వచ్చేశారు. వాళ్ళ వాహనపు కింది భాగం, కొన్ని పరికరాలు, వాళ్ళ అడుగులు అక్కడే ఉండిపోయాయి. ఈ గంట గడిచేలోగా ఆయన కూతురు పనిచేసే కంపెనీవాళ్ళ ల్యాండరు, మనుషులు లేని ఆ నౌక, ఆ ఎర్ర గీతకు అవతల దిగాలి. అవతల దిగితే ఆ అడుగులు ఉంటాయి. ఇవతల దిగితే ఉండవు. ఇందులో ఊహకు గాని, ప్రార్థనకు గాని చోటు లేదని ఆయనకు తెలుసు. తెలిసి కూడా చేతి వేళ్ళు ఒకదానిలో ఒకటి ముడిపడి ఉండటం గమనించి, ఎవరూ చూడకముందే విడదీసుకున్నాడు.

సందర్శకుల గది అని తలుపు మీద రాశారు. ఉద్యోగుల తాలూకు కుటుంబాలు ఓ పదిహేను దాకా వచ్చాయి. కొత్త బట్టలు, కొత్త చెప్పులు, మెడలో వేలాడే అట్టముక్కలు. ఒక పక్క అద్దాల గోడ, దానికవతల కార్లు నిలిపే స్థలం, ఆ స్థలం పైన పట్టపగటి ఆకాశంలో సబ్బు అరిగి మిగిలిన పలుకులా చంద్రుడు. ఒక్కరూ అటు చూడటం లేదు. అందరి కళ్ళూ తెర మీదే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అనుకున్నాడు ఆయన. మళ్ళీ, అటు చూసినా కనబడేదేముందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. భూమ్మీద ఉన్న ఏ దుర్భిణీకీ ఆ అడుగులు అందవు. చంద్రుడి చుట్టూ తిరిగే యంత్రాలు పైనుంచి తీసిన ఛాయాచిత్రాల్లో వాళ్ళు నడిచిన దారి మాత్రం నల్లటి నూలుపోగులా కనిపిస్తుంది. ఆ నూలుపోగును ఆయన ఎన్నిసార్లు చూసుకున్నాడో లెక్క లేదు. ఆసుపత్రిలో మనవరాలి తొలి స్కానింగు చూసిన తాతలు కూడా అన్నిసార్లు చూసి ఉండరు.

"ఏమాటకామాట, బావా, సెట్టింగు మాత్రం బ్రహ్మాండంగా వేశారు," అన్నాడు పక్క కుర్చీలోని బావమరిది.

"బొమ్మనే రాసి పెట్టారుగా కింద. చదువుకో."

"బొమ్మని వాళ్ళే ఒప్పుకున్నాక ఇంక నాతో పేచీ ఏంటి మీకు?"

ముందు వరసలో కూర్చున్న ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది. బావమరిది ఆవిడకు నమస్కారం పెట్టి, "మా మేనకోడలే నడిపిస్తోందండీ ఇదంతా," అన్నాడు, ఛాతీ రెండంగుళాలు పెరిగి. నమ్మకానికీ గర్వానికీ పొత్తు ఉండనక్కర్లేదని ఆ మనిషిని చూసి ఎప్పుడో తెలుసుకున్నాడు ఆయన. ఫొటో స్టూడియో నడిపి బతికినవాడు బావమరిది. చీకటిగదిలో, ఎర్ర దీపం కింద, సన్నటి కుంచె పట్టుకుని పెళ్ళికూతుళ్ళ మొటిమలు తుడిచాడు, పెళ్ళికొడుకుల బట్టతలలు కప్పాడు, మాట్లాడుకోని అన్నదమ్ములను ఒకే సోఫాలో కూర్చోబెట్టాడు. ఒకసారి ఎవరో ఏడుస్తూ వస్తే, పెళ్ళికి రెండేళ్ళ ముందే పోయిన తండ్రిని తీసుకొచ్చి కూతురి పక్కన నిలబెట్టి, ఆయన భుజం మీద పూలదండ నీడ కూడా పడేట్టు చేశాడు. 'చచ్చినవాణ్ణి పెళ్ళిలో నిలబెట్టిన చెయ్యి బావా ఇది. ఇంక బతికున్నవాణ్ణి చంద్రుడి మీద నిలబెట్టడం ఎంతసేపు?' ఆ ప్రశ్నకు ఆయన దగ్గర ఎన్నో జవాబులు ఉండేవి: తెచ్చిన రాళ్ళు, అక్కడ పెట్టిన అద్దాల మీద పడి తిరిగివచ్చే కాంతి, ప్రత్యర్థి దేశం చెవులు రిక్కించి విన్న సంకేతాలు. ఒక్కొక్క జవాబుకీ బావమరిది శ్రద్ధగా తలూపేవాడు. అంతా విన్నాక, 'అవన్నీ సరే, ఫొటోలో నీడ సంగతి చెప్పండి,' అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పైగా ఆ కుందేలును పండగ పూట చుట్టాల మధ్యకు, ఆసుపత్రి వరండాల్లోకి, రైలు పెట్టెల్లోకి వెంట తెచ్చేవాడు.

ఆ రోజుల్లో ఆ ఇద్దరి నడుమ నేల మీద కూర్చుని, ఒకరి తర్వాత ఒకరి ముఖం చూస్తూ, రెండు జడలతో ఒక పిల్ల. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ ఆయనకు అలాగే కళ్ళకు కడుతుంది, ముందుపళ్ళు ఊడిన నోటితో. ఒకనాడు వాదన ముదిరి ఆయన గొంతు పెంచితే ఆ పిల్ల లేచి నిలబడి, 'నేనే వెళ్ళి ఫొటో తీసుకొస్తా మావయ్యా, అప్పుడేమంటావు?' అంది. 'నువ్వు తెస్తే నమ్ముతానే తల్లీ. మీ నాన్న తెస్తే మాత్రం నమ్మను,' అన్నాడు మేనమామ. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు. కొన్ని వాగ్దానాలు చేసినవాళ్ళు మరిచిపోతారు, విన్నవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు; ఈ వాగ్దానం విషయంలో మాత్రం విన్న ఇద్దరూ మరిచిపోయారు, చేసిన పిల్ల లెక్కలు నేర్చుకుంది, ఇంజన్లు నేర్చుకుంది, పరాయి ఊళ్ళలో హాస్టలు మంచాల మీద పడుకుని పరీక్షలు రాసింది, ఇప్పుడు ఈ గోడ అవతల చెవులకు తొడుగు పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్లకు రెక్కలొచ్చాయని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. ఎగిరి ఎక్కడ వాలుతుందో ఒక్కరూ అడగలేదు.

తండ్రి అడిగాడు. అడగటం ఆయన వృత్తి. ఆయన జీవితమంతా దుమ్ముతో గడిచింది. ప్రయోగశాలలో ఆయన్ను దుమ్ముసారు అనేవాళ్ళు, ఎదుట కూడా. అగ్నిపర్వతం కక్కిన రాయిని పిండి చేసి, చంద్రుడి మట్టికి నకలు తయారుచేసి, గాలి తీసేసిన పెద్ద ఉక్కుపీపాలో పరిచి, పైనుంచి సన్నటి గొట్టంతో వేడి వాయువు కొట్టి, ఏ రేణువు ఎంత దూరం పోయిందో చూసేవాళ్ళు. రోజూ సాయంత్రం ఇంటికి వెళితే భార్య గుమ్మంలోనే ఆపి, చొక్కా జేబులు తిరగేయించి, 'ఊళ్ళో మగవాళ్ళు జీతం తెస్తారు, మా ఆయన చంద్రుణ్ణి తెస్తాడు,' అనేది. ఆ నకలు మట్టిలో మరీ మెత్తటి పొడి పంపులోకి పోయి దాని ప్రాణం తీస్తోందని, ప్రయోగానికి ముందు జల్లెడ పట్టి ఆ పొడిని తీసి పక్కన పెట్టడం శాలలో అలవాటైంది. అందరికీ తెలిసిన అలవాటే. ప్రతి నివేదిక చివరా చిన్న అక్షరాల్లో అచ్చు వేసిన అలవాటే. అన్నిటికన్నా దూరం పోయేదీ, అన్నిటికన్నా వేగంగా పోయేదీ ఆ మెత్తటి పొడేనని కూడా అందరికీ తెలుసు. అంటే, పంపు బతకడం కోసం, తాము తెలుసుకోవలసినదాన్ని జల్లెడ పట్టి డబ్బాలో పోసి మూత పెట్టేవాళ్ళు. ఈ మాట ఆయన ఎన్ని సభల్లో చెప్పాడో. చెప్పిన ప్రతిసారీ అధ్యక్షులు కృతజ్ఞతలు చెప్పారు.

గాలి లేనిచోట దుమ్ము ఎగిరితే ఆపే దిక్కు ఉండదు. ఇక్కడ రోడ్డు మీద లారీ వెళితే లేచిన దుమ్మును గాలి పట్టుకుంటుంది, నాలుగు గిరికీలు కొట్టించి కిందకు దించుతుంది. అక్కడ పట్టుకునే చెయ్యి లేదు. తుపాకీ నుంచి వెలువడ్డ గుండు ఎలా పోతుందో ప్రతి రేణువూ అలా పోతుంది. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన చూసిన ఒక ఛాయాచిత్రమే ఆయన్ను దుమ్ములోకి లాగింది. ఆ కాలంలో చంద్రుడి మీదికి వెళ్ళినవాళ్ళు ఒకసారి, తమకంటే ముందే వచ్చి దిగిన ఒక యంత్రానికి దగ్గరగా దిగారు. నడిచి వెళ్ళి దాని ముక్కలు కోసి తెచ్చారు. ఇక్కడ సూక్ష్మదర్శిని కింద పెడితే, దిగినవాళ్ళ వాహనం వైపున్న పక్కంతా ఇసుకతో రుద్దినట్టు గీరుకుపోయి ఉంది. చూడటానికి వచ్చినవాళ్ళు, కాళ్ళు నేలకు ఆనకముందే, చూడవలసినదాన్ని గాయపరిచారు. అది ఉక్కు, అల్యూమినియం. అడుగంటే ఏమిటి? పొడిలో నొక్కిన ఆకారం. ఊపిరికి చెదిరేది. ఊపిరి లేని చోట ఉంది కనుక ఇన్నాళ్ళు ఉంది.

తెర కింది మూల అంకెలు మారాయి. గదిలో ఎవరో ఉష్ అన్నారు. దిగడం మొదలైంది కాబోలు. కాదు, ఇంకా లేదు. ఇంజను సిద్ధంగా ఉందని మాత్రమే. ఆతిథ్యం చూసే అమ్మాయి పళ్ళెంలో బిస్కెట్లు తెచ్చింది. బావమరిది రెండు తీసుకుని ఒకటి ఆయన చేతిలో పెట్టాడు. బిస్కెట్టు పట్టుకుని ఆయన మనసులోనే కమిటీ గదిలోకి వెళ్ళిపోయాడు, అంటే అప్పటి కమిటీ గదిలోకి, పొడవాటి బల్ల, నీళ్ళ సీసాలు, గోడ గడియారం, పాత దిగుడు చోట్ల పరిరక్షణ అనే మాటను ప్రతివారూ ఒక్కో రకంగా పలికే ఆ గదిలోకి. న్యాయవాది చాలా మర్యాదస్తుడు. అక్కడ వదిలిన వస్తువులకు యజమాని ఉన్నాడు, పంపిన దేశమే యజమాని, అన్నాడు. నేలకు ఎవరూ యజమాని కారు, కాకూడదు, అలా ఒప్పందం. 'మరి అడుగు?' అని ఈయన అడిగాడు. 'అడుగు వస్తువు కాదు కదండీ,' అన్నాడు న్యాయవాది, నిజంగానే బాధపడుతూ. వస్తువూ కాదు, నేలా కాదు. నేల మీద పడ్డ ఒక మనిషి బరువు. దానికి చట్టంలో గది లేదు. ఎవరో, అక్కడ వాళ్ళు వదిలేసి వచ్చిన మలం సంచులు కూడా వారసత్వ సంపదేనా అని అడిగారు. బల్ల చుట్టూ నవ్వు. అవునని ఈయన జవాబిచ్చాడు, అవి కూడానని, ఇన్నేళ్ళు ఆ చలికీ వేడికీ అందులోని సూక్ష్మజీవులు ఏమయ్యాయో తెలుసుకోవాలని. నవ్వు ఇంకాస్త పెరిగింది. ఆ తర్వాత దూరం సంగతి వచ్చింది. ఈయన రెండు కిలోమీటర్లన్నాడు. కంపెనీవాళ్ళు అందులో పదో వంతు అన్నారు. అధ్యక్షులవారు అటూ ఇటూ చూసి, ఇద్దరికీ న్యాయం జరిగేలా నడుమ ఎక్కడో ఒక గీత గీద్దామన్నారు. గీశారు. తెర మీద ఎర్రగా కనబడుతున్నది ఆ న్యాయమే. కూరగాయల బండి దగ్గర నేర్చుకున్న విద్యను మనిషి ఎక్కడికైనా తీసుకుపోగలడు. రేణువు మాత్రం ఎవరెవరు ఎంతెంత తగ్గారో అడిగి ఆగదు.

ఆ గీతను కూడా ఆయన దిగమింగుకునేవాడేమో. అసలు గొంతులో అడ్డం పడ్డది ఇంటి భోజనాల బల్ల దగ్గర, అమ్మాయి చెప్పిన ఒక చిన్న మాట. నౌక దిగే చోటును ఆఖరి ఘడియల్లో నౌకే ఎంచుకుంటుంది నాన్నా, అంది. ఇక్కణ్ణుంచి చెప్పేంత వ్యవధి ఉండదు. బండలు, గుంటలు చూసుకుంటూ, వీటన్నిటిలో ఏ నేల చదునుగా ఉందో వెతుక్కుని అక్కడ దిగుతుంది. చెంచా అక్కడే ఆగిపోయింది ఆయన చేతిలో. ఆ కాలంలో ఆ ఇద్దరు మనుషులు కూడా కిటికీలోంచి చూసుకుంటూ, బండలు తప్పించుకుంటూ, ఆ చుట్టుపక్కల ఏ నేల చదునుగా ఉందో వెతుక్కునే కదా దిగింది? చదునైన నేల కోసం వెతికే యంత్రం, చదునైన నేల కోసం వెతికిన మనుషుల దగ్గరికి కాక మరెక్కడికి పోతుంది? 'గీత దాటకూడదని రాశాం నాన్నా.' గీతకూ క్షేమానికీ పోటీ వస్తే? అమ్మాయి పళ్ళెంలోకి చూసింది. 'క్షేమమే ముందు. పడి పగిలితే ఆ ముక్కలూ ఇంధనమూ ఆ చోటు మీదే పడతాయి. అది నయమా?' నయం కాదు. ఆమె లెక్క తప్పు కాదు. ఎక్కడా ఒక్క తప్పు లేకుండా మెట్టు మెట్టుగా నడిచి గోతిలోకి దిగవచ్చని ఆయనకు ఆ రోజు అర్థమైంది. అయితే దూరంగా దిగండి, ఇంకెక్కడైనా దిగండి, అంత పెద్ద చంద్రుడు, అన్నాడు. అమ్మాయి చెయ్యి కడుక్కోవడానికి లేచింది, లేచినదల్లా కూర్చుంది. 'చూపించకపోతే ఎవరు నమ్ముతారు? నమ్మనిదాన్ని ఎవరు కాపాడతారు?' చూడటానికి వెళితే ఉండదమ్మా. 'అయితే చూడకుండానే నమ్మమంటావా? చిన్నప్పట్నుంచీ నువ్వు నాకు నేర్పింది అది కాదుగా నాన్నా.'

దెయ్యాలున్నాయని పనిమనిషి చెబితే, పద చూద్దామని పిల్లను వెంటబెట్టుకుని పెరటి చీకట్లోకి వెళ్ళినవాడు తానే. గురువు చెప్పాడని గాని, గ్రంథంలో ఉందని గాని, అందరూ అంటున్నారని గాని ఏదీ ఒప్పుకోవద్దని, ఇటుక మీద ఇటుకగా ఆ బుద్ధిని కట్టినవాడు తానే. ఆ బుద్ధి ఇప్పుడు ఇంజనై మండుతూ కిందకు దిగుతోంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. అక్కడ కడగడానికి నీళ్ళు లేవు, తొక్కిందల్లా తొక్కిందే. చూడందే నమ్మరాదన్న నియమం ఇంతవరకూ ఆయనకు వెలుగుగానే కనిపించింది. వెలుగుకు వేడి ఉంటుందని, చూపు కూడా తగులుతుందని, కొన్ని వస్తువులు మన నమ్మకం మీద తప్ప మరి దేనిమీదా బతకలేవని ఈ వయసులో, ఈ మెత్తటి కుర్చీలో, చేతిలో నలిగిపోతున్న బిస్కెట్టుతో ఒప్పుకోవలసి వస్తే, తాను ఇన్నాళ్ళు వాదించినదంతా ఎవరికోసం? భక్తులు కూడా ఇదే కదా అంటారు, తాకకు, పరీక్షించకు, దూరం నుంచి దండం పెట్టు అని? వాళ్ళకూ తనకూ తేడా ఎర్ర గీత ఎంత దూరంలో గీయాలన్నదేనా? ఛీ, అనుకున్నాడు. తేడా ఉంది. వాళ్ళ గర్భగుడిలో ఏముందో వాళ్ళకు తెలియదు. తనకు తెలుసు. తెలియడం వల్ల ఒరిగిందేమిటన్నది వేరే ప్రశ్న.

ఫోను మోగింది. ముందావిడ మళ్ళీ వెనక్కి తిరిగింది. మోకాలి నొప్పి వంకతో ఇంట్లో ఉండిపోయిన భార్య.

"దిగిందా?"

"ఇంకా లేదు. దిగుతోంది."

"మీరు దాంతో మాట్లాడారా?"

"పనిలో ఉంది. ఎలా మాట్లాడతాను?"

"పని అయ్యాక మాట్లాడండి. మంచి మాట మాట్లాడండి. మీ దుమ్ము పురాణం ఇవాళ ఒక్క పూట కట్టిపెట్టండి, మీకు పుణ్యముంటుంది. నా తమ్ముడేం చేస్తున్నాడు?"

"బిస్కెట్లు తింటున్నాడు."

"వాడికి చక్కెర జబ్బు! లాక్కోండి ముందు," అని ఆవిడ పెట్టేసింది.

లాక్కోలేదు. తెర మీద నేల ఇప్పుడు వేగంగా పైకి వస్తోంది. గోడ మీది స్పీకరులోంచి కుర్రగొంతులు పొడిపొడిగా అంకెలు చదువుతున్నాయి. అందులో ఒకటి అమ్మాయిది. ఎంత నిబ్బరంగా ఉంది ఆ గొంతు! ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు కూడా ఇంతే, మధ్యలో ఊపిరి తీసుకునేది కాదు. నౌకను సూచించే పసుపు చుక్క ఎర్ర గీతకు అవతల, చాలా అవతల, బుద్ధిగా కిందకు జారుతోంది. అవతలే. అవతలే దిగుతుంది. తాను పిరికివాడు, ముసలివాడు, కీడెంచి మేలెంచమన్నారు కాబట్టి కీడు మాత్రమే ఎంచుకుంటూ కూర్చున్నవాడు. అమ్మాయికి క్షమాపణ చెప్పాలి. ఎలా చెప్పాలో వాక్యం కూర్చుకోవడం కూడా మొదలుపెట్టాడు. అప్పుడు పసుపు చుక్క ఆగింది. నేలకు కొంచెం పైన, ఆగి, తచ్చాడింది. బండలు, అంది ఒక గొంతు. పక్కకు జరుగుతోంది, అంది అమ్మాయి గొంతు. చుక్క పక్కకు జరిగింది. ఇంకా జరిగింది. నేలబారుగా, చూపు ఆననివాడు గోడ తడుముకుంటూ పోయినట్టు, చదును కోసం తడుముకుంటూ, తడుముకుంటూ ఎర్ర గీత మీదికి వచ్చింది. గీత బొమ్మలో ఉంది. నేల మీద లేదు. నేల మీద ఏ గీతా లేదు. చుక్క దాటింది. దాటినట్టు గదిలో ఎవరికీ తోచలేదు. వాళ్ళు ఎత్తు చెప్పే అంకెలు చూస్తున్నారు, ఇంధనం చెప్పే అంకెలు చూస్తున్నారు. ఎర్ర గీత సంగతి తెలిసినవాడు ఒక్కడే. పడకూడదు, పగలకూడదు, దిగు, ఎక్కడో ఒకచోట దిగు, అనుకుంటున్నాడు ఆయన ఇప్పుడు, అవును, తన నోటితో తానే, ఎందుకంటే ఆ నిబ్బరమైన గొంతు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వణికింది. నౌక వలయం నడుమ ఉన్న చుక్కను ఒరుసుకుంటూ, దాని మీదుగా పోయి, ఆగి, దిగింది.

గది లేచి నిలబడింది. చప్పట్లు, కౌగిలింతలు, ఎవరి తల్లిదో ఏడుపు. బావమరిది ఆయన రెండు భుజాలూ పట్టుకుని ఊపేస్తూ, "మన పిల్ల బావా! మన పిల్ల!" అంటున్నాడు. ఆయన కూడా లేచాడు. చప్పట్లు కొట్టాడు. చేతులు వాటంతట అవే కొట్టుకున్నాయి. నవ్వమన్నట్టు ముందావిడ చూస్తే నవ్వాడు.

ఛాయాచిత్రాలు రావడానికి కొంత సమయం పడుతుందని ఆతిథ్యం చూసే అమ్మాయి చెప్పింది. ఆ కొంత సమయంలో మనసు చేసే మోసాలన్నీ ఆయన మనసు చేసింది. వాయువు పలచగా ఉండి ఉండవచ్చు. నేల గట్టిగా ఉండి ఉండవచ్చు. నాలుగు అడుగులైనా పాత వాహనం కాళ్ళ చాటున మిగిలి ఉండవచ్చు. ఉక్కుపీపాలో ఆయన ఒక్కసారి, సెలవురోజు, ఎవరూ లేనప్పుడు, పళ్ళెంలోని పొడి మీద తన బొటనవేలు నొక్కి, ఆ గుర్తుకు కాస్త దూరం నుంచి వాయువు కొట్టి చూశాడు. తన వేలిముద్ర తుడుచుకుపోవడానికి ఎంతసేపు పట్టిందో ఆయన ఎవరికీ చెప్పలేదు. సేపు అన్న మాట దానికి పెద్దది. ఆకాశంలో సబ్బుపలుకు భవనం మూలకు జరిగింది. కార్లు నిలిపేచోట ఒక కాపలాదారు టోపీ తీసి తల గోక్కుంటున్నాడు. లోకంలో ఏదీ మారలేదు. ఏదో ఒకటి లోకంలోంచి పోయినప్పుడు బయటికి కనబడేది ఇంతే కాబోలు, ఒకడు తల గోక్కుంటాడు.

చిత్రం వచ్చింది. ముందు పైన నల్లటి ఆకాశం, తర్వాత దిగంతపు వంపు, తర్వాత ఒక్కొక్క పట్టీగా కిందకు. ఆ పాత వాహనం కింది భాగం, వీధిలో ఎదురిల్లు ఉన్నంత దూరంలో, నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది. బంగారురేకు చిరిగి వేలాడుతోంది. ఇన్నేళ్ళ తర్వాత దాన్ని దగ్గర నుంచి చూస్తున్న తొలి కళ్ళు ఇవి. బావమరిది లేచి, వరసల మధ్య నుంచి నడిచి, తెరకు మూరెడు దూరంలో నిలబడి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పెళ్ళి ఆల్బం పరీక్షించినట్టు అంగుళం అంగుళం చూశాడు. నీడల మొదళ్ళు చూశాడు, కొసలు చూశాడు. చాలాసేపటికి వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

"ఇది అబద్ధం కాదు బావా."

ఆయన కళ్ళు పాత వాహనం చుట్టూ ఉన్న నేలను వెతుకుతున్నాయి.

"ఇలాంటి నీడ నేను వెయ్యలేను. ఎవడూ వెయ్యలేడు. నిజంగానే వెళ్ళారు వాళ్ళు... ఇన్నాళ్ళూ నేను... సరే, నా సంగతి పోనివ్వండి." మళ్ళీ తెర వైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "మరి నడిచిన జాడ ఏదీ?"

తలుపు తోసుకుని అమ్మాయి వచ్చింది. జుట్టు చెదిరి, చెవుల మీద తొడుగు నొక్కిన ఎర్రటి అచ్చులు, కళ్ళ కింద రెండు మూడు రాత్రుల నలుపు. ముప్పై ఏళ్ళ మనిషి, జడలు లేవు, పళ్ళన్నీ ఉన్నాయి. నేరుగా మేనమామ ముందుకొచ్చి నిలబడింది.

"తెచ్చాను మావయ్యా. ఇప్పుడేమంటావు?"

"ఏమంటాను తల్లీ. ఓడిపోయాను. నన్ను ఓడించడానికి ఇంత దూరం వెళ్ళాలటే?" అంటూనే బావమరిది ఆమె తల మీద చెయ్యి వేశాడు.

ఆమె నవ్వింది. నవ్వుతూనే తండ్రి వైపు తిరిగింది. ఆ నవ్వు ముఖం మీద ఉండాలో వద్దో తేల్చుకోలేక పెదవుల దగ్గర ఆగింది. "గీత దాటింది నాన్నా. చూశావుగా. బండలు లేకపోతే దాటేది కాదు." ఆయన తలూపాడు. "అడుగులు ఈ ఫొటోలో పడలేదు. వెలుతురు ఎక్కువైనట్టుంది. ఇంకో కెమెరా ఉంది, రేపు దాంతో తీస్తాం. కాంతి మారితే కనబడతాయి. కదూ మావయ్యా? నువ్వు చెప్పు, నీకు తెలుసుగా."

బావమరిది తెర వైపు చూశాడు. చంద్రుడి మీద అప్పుడే పొద్దు పొడిచింది. కాంతి పక్కనుంచి, నేలబారుగా పడుతోంది. గులకరాయికి కూడా బారెడు నీడ ఉంది. అటువంటి వెలుతురు కోసం ఫొటోగ్రాఫర్లు తెల్లవారుజామునే లేచి కొండలెక్కుతారు. ఆ పక్క వెలుతురులో, పాత వాహనం చుట్టూ నేల, చీపురుతో ఊడ్చినట్టు, గీతలు గీతలుగా, ఒకే దిక్కుకు దువ్వి ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఆ చోటు ఛాయాచిత్రాల్లో వెలుతురుకు వంక పెట్టిన మనిషి, "అవునమ్మా," అన్నాడు. "వెలుతురే. మరీ ఎక్కువైంది. మారితే కనబడతాయి." అంటూ బావ చేతిని కుర్చీ చాటున గట్టిగా నొక్కాడు.

అమ్మాయి ఊపిరి వదిలింది. కాని ఆమె ఆ తండ్రి కూతురు. ఒక్కరు చెప్పిన మాట మీద ఆగడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"నాన్నా, నువ్వు చెప్పు."

మంచి మాట మాట్లాడమంది భార్య. చేతిని నొక్కుతున్న వేళ్ళు ఇంకా వదల్లేదు. ఆయన కూతురి ముఖంలోకి, చెవుల మీది ఎర్రటి అచ్చుల్లోకి చూశాడు.

"వెలుతురు సరిగ్గానే ఉందమ్మా," అన్నాడు. "మీ ఇంజను వాటి మీదుగా వెళ్ళింది. అడుగులు చెరిగిపోయాయి."